ఎండకి వీపు

బస్సెక్కే ముందు పోతురాజు చొక్కా ఎడమ జేబులో నలభై చింతపిక్కలు పోసుకున్నాడు. కుడి జేబు ఖాళీగా ఉంచుకున్నాడు. వంద అయినప్పుడల్లా ఒక పిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. ముప్పై ఏళ్ళుగా మామిడి తోటల్లో అతని లెక్క అలాగే నడుస్తోంది. 1987 జనవరి ఆఖరి గురువారం మాత్రం అతను వెళ్తున్నది తోటకి కాదు, కొల్లేటికి. లెక్కపెట్టబోయేది కాయల్ని కాదు, కొంగల్ని.

నూజివీడు నుంచి చాట్రాయి దాకా అతన్ని అంచనా పోతురాజు అంటారు. పూత నిలిచి, పిందె నిమ్మకాయంత అయ్యేసరికి, తోటల కాపు టోకున కొనే వర్తకులు అతన్ని వెంటబెట్టుకుని వెళ్తారు. అతను వరసల మధ్య నడుస్తాడు. వరసకో చెట్టు ఎంచుకుంటాడు. కొమ్మల వారీగా లెక్కగట్టి చివర్లో ఒకే ఒక్క అంకె చెబుతాడు: ఈ తోట ఇన్ని లారీలు. గాలివాన ముంచితే తప్ప ఆ అంకె లారీ, లారీన్నర కంటే ఎక్కువ తప్పేది కాదు. తండ్రి మల్లయ్య నేర్పిన పని అది. బడిలో అయిదో తరగతి దగ్గర ఆగిపోయిన పోతురాజు, తోటలో మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

పోయిన ఏడు తప్పింది. చాట్రాయి దగ్గర అరవై ఎకరాల తోట. బాపులపాడు వర్తకుడు వీరరాఘవయ్య అతన్ని జీపులో తీసుకెళ్ళి చూపించాడు. పోతురాజు నలభై రెండు లారీలన్నాడు. ఆ ఏడు పెద్దగాలి రాలేదు, వడగళ్ళు పడలేదు, తేనెమంచు పురుగు కూడా అంతంతమాత్రమే. తోటలోంచి వెళ్ళినవి ఇరవై తొమ్మిది లారీలు.

"పదమూడు లారీలు ఏ దారిన పోయినయ్ పోతురాజూ? మైలవరం మీదగానా, తిరువూరు మీదగానా?" అని టీ కొట్టు దగ్గర అడిగేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయేవాడు.

వీరరాఘవయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. డిసెంబరులో మనిషిని కూడా పంపకుండా తనే వచ్చి, జీపు దిగకుండా చెప్పాడు. "మార్చి మొదటివారంలో మళ్ళీ అదే తోట చూద్దాం. ఒకసారి ఎవడికైనా తప్పుద్ది. రెండోసారి తప్పితే మాత్రం నువ్వు వేరే పని చూసుకో, నేను వేరే మనిషిని చూసుకుంటా."

అది సబబైన మాటే. పోతురాజుని తినేస్తున్నది ఆ మాట కాదు, ఎందుకు తప్పిందో తనకి తెలియకపోవడం. తెలిస్తే సరిచేసుకోవచ్చు. కన్నేమైనా పోయిందా, లెక్క పోయిందా, బుర్రే పోయిందా? కొమ్మల్నైనా లెక్కపెట్టి తేల్చుకుందామని పక్క తోటలోకి వెళ్ళి ఏదో ఒక చెట్టు కింద తలెత్తి నిలబడితే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు "ఎన్ని లారీలు?" అనేవారు. ఈమధ్య మనిషి చూస్తుంటే అతనికి లెక్క కుదరడం లేదు. తల దించుకుని వచ్చేసేవాడు.

అలాంటప్పుడు జోజిబాబు కబురు పెట్టాడు. జోజిబాబు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. పిట్టల పిచ్చి. ఆదివారాలు తోటల్లో తిరిగేటప్పుడు పోతురాజుతో స్నేహమైంది. కొల్లేట్లో ఒక దిబ్బ మీద నత్తగుల్ల కొంగలు రాత్రిళ్ళు చేరుతున్నాయని, మూడు రోజులు అక్కడే మకాం వేసి, పొద్దున వెళ్ళేవాటినీ సాయంత్రం తిరిగి వచ్చేవాటినీ లెక్కబెట్టి కాగితం పంపుతానని ఎవరికో మాటిచ్చాడు. తీరా బయల్దేరే వారానికి పచ్చకామెర్లు కమ్మాయి.

"మీకంటే బాగా లెక్కపెట్టేవాళ్ళు నాకెవరూ తెలీదండీ," అన్నాడు మంచం మీంచి. పోయిన ఏడు సంగతి అతనికి తెలుసో లేదో మొహం చూస్తే తెలియలేదు. మొహం మొత్తం పసుపు రంగులో ఉంది.

పోతురాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీళ్ళ మధ్య దిబ్బ. ఎన్ని లారీలని అడిగేవాడుండడు. "వెళ్తానండి," అన్నాడు.

జోజిబాబు దుర్భిణీ ఇవ్వబోతే వద్దన్నాడు. "దాంతో చూస్తే కొమ్మ కనపడిద్ది గానీ చెట్టు కనపడదండి."

"సరే. ఒక్క మాట. తోటలో మీరు వందకి కలుపు వేస్తారుగా, దెబ్బ కాయలకి?"

"మూడు పుంజీలండి. పన్నెండు కాయలు."

"కొంగలకి కలుపు వెయ్యకండి. వంద అంటే వందే."

ఇంట్లో కనకమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. బియ్యం కొలిచి సంచిలో పోస్తూనే ఉంది, అంటూనే ఉంది. "కొంగల్ని లెక్కబెట్టడానికి ఊరొదిలి పోయేవాణ్ణి నిన్నే చూశా. మన గొడ్ల చావిడి వెనక రెండుంటయ్. అవి లెక్కపెట్టు."

"మేష్టారికి ఒంట్లో బాలేదు."

"నీకు బాగుందా? రాత్రిళ్ళు పడుకోవు, పగలు కూర్చోవు. కాలు కాలిన పిల్లి లాగా తిరగతన్నావ్ ఆరు నెలల నుంచి. అక్కడికెళ్ళి ఎటు తిరగతావ్? చుట్టూ నీళ్ళే."

అతను కాయల రాసుల మీద కప్పే టార్పాలిన్ పట్టా మడిచి నెత్తిన పెట్టుకున్నాడు. దోమతెర, లాంతరు, అల్యూమినియం గిన్నె, మూడు కేజీల బియ్యం, సీసాడు చింతకాయ పచ్చడి సంచిలో ఉన్నాయి. జంక్షన్లో ఒక బస్సు, గుడివాడలో ఇంకో బస్సు మారి కైకలూరులో దిగేసరికి పన్నెండు దాటింది.

ఆటపాక దగ్గర రాములు తాటిదోనెతో కాసుకుని ఉన్నాడు. జోజిబాబు ప్రతి ఏడూ ఎక్కే దోనె అదే. రాములుకి ముప్పై ఏళ్ళుంటాయి, చేపల వేట, నోరు ఊరుకోదు. గెడ వేస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషిని కిందికీ పైకీ చూశాడు.

"కాలేజీ బాబు రాలేదేంటి బాబాయ్?"

"కామెర్లు."

"నువ్వూ కాలేజీయేనా?"

"మామిడి తోటలు."

"మామిడి తోటలోడికి కొంగలతో ఏం పని?" రాములు గెడ మీద ఒరిగి నవ్వాడు. "మా తాత కాలం నుంచీ ఈ నీళ్ళ మీదే బతుకుతున్నాం. ఒక్కనాడు కూడా కొంగల్ని లెక్కెయ్యలా. అయినా ఒక్కటీ తగ్గలా."

"లెక్కెయ్యకుండా తగ్గలేదని నీకెట్లా తెలుసు?"

రాములు కాసేపు గెడ వేశాడు. "అదీ నిజమే," అన్నాడు.

గుర్రపుడెక్క మధ్య సన్నటి నీటిదారి వెంట గంటన్నర పట్టింది. రెండు పక్కలా మనిషెత్తు కిక్కిస గడ్డి. అది దాటాక నీళ్ళు ఒక్కసారిగా విప్పారాయి. దూరంగా దిబ్బ. పదీ పన్నెండు తుమ్మచెట్లు, వాటి కింద సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట. దానికి వంద గజాల దూరంలో ఇంకో చిన్న దిబ్బ, చెట్లు లేనిది. జోజిబాబు చెప్పిన మకాం అదే. పొడవు నలభై అడుగులు, వెడల్పు పాతిక. పడమటి వైపు నీళ్ళలోకి ఒక వరసగా పాతిన వెదురు గుంజలు, వలకట్టు కోసం.

"ఇవి మావే," అన్నాడు రాములు గుంజలు చూపించి. "మెడ దాకా లోతు లేదు, మోకాళ్ళే. స్నానం చెయ్యాలంటే అటు దిగు. ఆదివారం పొద్దెక్కాక వస్తా." దోనె తిప్పుకుని వెళ్ళిపోయాడు. గెడ చప్పుడు కిక్కిస వెనక్కి వెళ్ళాక ఇంకేం వినపడలేదు.

పోతురాజు రెండు వెదురు కర్రలు నాటి, తోటలో కాపలా పాక వేసినట్టే పట్టా కప్పాడు. పొయ్యి రాళ్ళు పేర్చాడు. ఆ పని ముప్పావు గంటలో అయిపోయింది. ఇక చేసేందుకేం లేదు. దిబ్బ చుట్టూ నడిచాడు. ఒక చుట్టుకి యాభై అంగలు పడ్డాయి. మళ్ళీ నడిచాడు. యాభై రెండు. అంగ కూడా సరిగా కుదరడం లేదేమిటని నిలబడిపోయాడు.

అయిదు దాటాక కొంగలు మొదలయ్యాయి. పడమర పొలాల్లోంచి, పొద్దుగూకే వెలుగులోంచి, తాళ్ళలా బారులు కట్టి వచ్చాయి. మెడలు చాచి, రెక్కలు కదపకుండా జారుతూ. అతను వేళ్ళ మీద నాలుగు నాలుగుగా, పుంజీలుగా పట్టుకున్నాడు. పాతిక పుంజీలకి ఒక పిక్క కుడి జేబులోకి. బారులు ఒకదాని మీద ఒకటి వచ్చినప్పుడు గుంపుని నాలుగు పాళ్ళు చేసి ఒక పాలు లెక్కగట్టి నాలుగుతో హెచ్చవేశాడు, చెట్టుని నాలుగు దిక్కులుగా విడగొట్టినట్టే. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఒళ్ళు తేలికైంది. చీకటి పడేసరికి కుడి జేబులో పదహారు పిక్కలు, పైన పది పుంజీలు. జోజిబాబు ఇచ్చిన కాగితంలో గురువారం సాయంత్రం గడిలో 1,640 అని రాసి, లాంతరు ఆర్పాడు.

తెల్లవారుతుండగా లేచి దిబ్బ తూర్పు అంచున నిలబడ్డాడు. మంచు పలచగా ఉంది. ఎండ వీపు మీద పడ్డాక కొంగలు ఒక్కొక్క చెట్టు నుంచీ లేచి పడమర పట్టాయి. తీరిగ్గా, వరసగా వెళ్ళాయి. ఆఖరిది వెళ్ళాక తుమ్మచెట్లు బోసిగా నిలబడ్డాయి. అతను జేబు తడుముకున్నాడు. పదకొండు పిక్కలు. పైన ఇరవై పుంజీలు. 1,180.

రాత్రి చేరినవి పదహారు వందల నలభై. పొద్దున లేచినవి పదకొండు వందల ఎనభై.

మొదట తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కొన్ని చీకటితోనే లేచిపోయి ఉంటాయి. కొన్ని అటు తూర్పుకి వెళ్ళి ఉంటాయి, చెట్ల చాటున. పక్షుల సంగతి తనకేం తెలుసు? అన్నం వండుకున్నాడు. పచ్చడి కలిపాడు. రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టాడు. నాలుగు వందల అరవై తేడా. వందకి నలభై ఎక్కువ. లారీల్లో అయితే ఎంత? ఆ అంకె వద్దనుకున్నా దానంతటదే వచ్చింది. ఇరవై తొమ్మిదికి పదకొండు, పన్నెండు. పోయిన పదమూడుకి పక్కనే.

ఆ శుక్రవారం పగలంతా అతను కూర్చోలేదు. కూర్చుంటే లేచాడు, పడుకుంటే లేచాడు. దిబ్బ మీద తిరిగి తిరిగి అంచు చుట్టూ దారి పడింది. కనపడిందల్లా లెక్కపెట్టాడు. దూరంగా వెళ్ళే దోనెలు తొమ్మిది. నీటి మీద పరజ బాతుల గుంపులో యాభై ఆరు. పట్టాకి ఉన్న చిల్లులు పదిహేడు. అవన్నీ సరిగానే ఉన్నట్టున్నాయి, కానీ సరిగా ఉన్నాయని చెప్పేవాడెవడు? తోటలో అయితే మే నెల ఉంది. కోతకొచ్చాక కాయ చెబుతుంది నువ్వు చెప్పింది నిజమో కాదో. ఈ కొంగలకి కోత లేదు. ఎంత చెబితే అంతే. దిబ్బ మీదకి వచ్చేటప్పుడు ఆ మాట అతనికి తట్టలేదు. నీళ్ళ మధ్య ఒంటరిగా నిలబడ్డాక తట్టింది.

సాయంత్రం మళ్ళీ పడమర తిరిగి నిలబడ్డాడు. ఎర్రటి వెలుగు కళ్ళలోకి కొడుతుంటే చేయి అడ్డం పెట్టుకున్నాడు. పదహారు పిక్కలు, రెండు పుంజీలు. 1,608.

శనివారం తొలి కోడికూత వేళకే లేచాడు, అక్కడ కోడి లేకపోయినా. చీకటితో లేచిపోయే కొంగ ఒక్కటీ లేదు. దిబ్బ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ తూర్పు కూడా కనిపెట్టాడు. అటూ ఒక్కటీ పోలేదు. ఎండ వీపు మీద పడ్డాక లేచాయి, పడమర వెళ్ళాయి. పదకొండు పిక్కలు, ఇరవై రెండు పుంజీలు, రెండు. 1,190.

సర్దిచెప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు. రాత్రి పడుకున్నవి పొద్దున లేవాలి. అక్కడే చచ్చిపడి ఉంటే చెట్ల కింద కనపడాలి. లేనివాటిని సాయంత్రం చూస్తున్నాడు, లేదా ఉన్నవాటిని పొద్దున చూడలేకపోతున్నాడు. రెండిట్లో ఏదైనా మార్చిలో వీరరాఘవయ్య జీపు ఎక్కే మొహం అతనికి లేదు. రాములు రాగానే వెళ్ళి, తనకి కుదరదని చెప్పేద్దామనుకున్నాడు. ఏ పని చేస్తాడు? కాయ కోసే కూలీల్లోకి వెళ్ళాలి, లేకపోతే గంపలు మొయ్యాలి. యాభై రెండేళ్ళు. తను లెక్కగట్టిన తోటలోనే గంప ఎత్తాలి.

మధ్యాహ్నం దాటాక కాళ్ళు తిరగలేక దిబ్బ పడమటి అంచున కూలబడ్డాడు. పొద్దు వాలుతోంది. నీళ్ళు తళతళమంటున్నాయి. ఎదురుగా రాములు గుంజలు. చేతులు ఊరుకోక వాటినీ లెక్కగట్టాడు. ముప్పై ఒకటి.

నిన్న పొద్దున స్నానానికి దిగినప్పుడు కూడా వాటిని లెక్కపెట్టిన గుర్తు. ఎన్ని? గుర్తు రాలేదు. కానీ ముప్పై కాదు. ముప్పై దాకా వెళ్ళలేదు.

అతను పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. బురద చీలమండల దాకా పట్టుకుంది. మొదటి గుంజని చేత్తో పట్టుకున్నాడు. ఒకటి. రెండోదాని దగ్గరికి నడిచాడు. పట్టుకున్నాడు. రెండు. చంటిపిల్లవాడికి నేర్పినట్టు పైకే అంటూ, ఒక్కోదాన్ని అరచేత్తో తాకుతూ చివరిదాకా వెళ్ళాడు. చివరి గుంజ నంబరు ఇరవై రెండు. వెనక్కి తిరిగి మళ్ళీ తాకుతూ వచ్చాడు. ఇరవై రెండు.

ఒడ్డుకెక్కి, తడి పంచెతో, అదే చోట నిలబడి చూశాడు. ముప్పై, ముప్పై ఒకటి. కుడి కన్ను మూశాడు. గుంజలు పలచబడ్డాయి. ఇరవై రెండు. ఎడమది మూసి కుడి కన్ను తెరిచాడు. కొన్ని గుంజల పక్కన బూడిదరంగు గుంజ ఇంకోటి నిలబడింది, అన్నదమ్ముల్లా. మిగతావాటి పక్కన లేదు. వెనక్కి తిరిగి, ఎండకి వీపు పెట్టి, తూర్పున ఉన్న కిక్కిస గడ్డి కంకులు చూశాడు. ఏ కన్నుతో చూసినా ఒక్కో కాడకి ఒక్కో కంకి.

అప్పుడు చాట్రాయి తోట కళ్ళ ముందుకొచ్చింది.

"ఎండకి వీపు పెట్టి చూడరా," అనేవాడు మల్లయ్య. తోటలో మొదటి పాఠం అది. పొద్దున పూట చెట్టు తూర్పు కొమ్మలు, సాయంత్రం పూట పడమటి కొమ్మలు. ఒక చెట్టుకి రెండు పూటలు. సూర్యుడికి ఎదురు నిలబడి చూసిన కాపు కాపు కాదు, కళ్ళ మాయ. మల్లయ్య నడిచి తోటలకి వెళ్ళేవాడు, రెండు రోజులు అక్కడే తిని పడుకునేవాడు. పోతురాజు కూడా చాలా ఏళ్ళు అలాగే చేశాడు. తర్వాత జీపులొచ్చాయి. వర్తకులు మిల్లు పనులు, బ్యాంకు పనులు చూసుకుని సాయంత్రం నాలుగింటికి వచ్చేవారు. రెండు గంటల్లో తోటంతా తిప్పి తీసుకొచ్చేవారు. అప్పుడు కళ్ళు బాగున్నాయి కాబట్టి అడ్డదిడ్డంగా చూసినా అంకె నిలబడింది. పోయిన ఏటికి కుడి కన్ను మబ్బేసింది. అరవై ఎకరాలు జీపులోంచి దిగీ దిగకుండా, పొద్దుకి ఎదురుగా చూశాడు. తూర్పు కొమ్మల మీద లేని కాయలు కాశాయి. పదమూడు లారీలు ఏ దారినా పోలేదు. చెట్టు మీద ఎప్పుడూ లేవు.

ఆ సాయంత్రం కొంగలు వచ్చాయి. అతను జేబులోకి చెయ్యి పెట్టలేదు. గడ్డం మోకాళ్ళ మీద ఆనించి, కుడి కన్ను మూసుకుని, ఊరికే చూశాడు. ఆరోజు రాత్రి కూడా నిద్ర సరిగా పట్టలేదు. కన్ను పోయిన భయం ఒకవైపు, తప్పు దొరికిన ఆత్రం ఒకవైపు. రెండూ కలిసి మనిషిని మంచం మీద ఉండనిచ్చేవి కావు, మంచం లేకపోయినా.

ఆదివారం పొద్దున లెక్క 1,184. రాములు వచ్చేసరికి పట్టా మడిచి, దాని మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం బాబాయ్, తేలిందా లెక్క?"

"తేలింది. నీ గుంజలు ఇరవై రెండు."

రాములు గెడ ఆపి గుంజల వైపు చూశాడు. "ఇరవై నాలుగు పాతాంగా," అన్నాడు. తనే నీళ్ళలో దిగి చూసుకుని వచ్చాడు. "రెండు ఎవడో పీక్కుపోయాడు బాబాయ్. కొంగల్ని లెక్కపెట్టమంటే దొంగని పట్టావ్."

జోజిబాబు మొహం ఈ మూడు రోజుల్లో కాస్త తెల్లబడింది. మజ్జిగన్నం తింటూ ఎడమ చేత్తో కాగితం అందుకున్నాడు. పొద్దున గడులు మూడూ నిండి ఉన్నాయి. సాయంత్రం గడుల్లో రెండు అంకెలు కొట్టేసి ఉన్నాయి, మూడోది ఖాళీ.

"ఇవెందుకు కొట్టేశారండీ?"

"సాయంత్రం పూట నాకు లేని కొంగలు కూడా వస్తున్నయండి." పోతురాజు గుంజల సంగతీ, చాట్రాయి తోట సంగతీ మొత్తం చెప్పాడు. ఆరు నెలలుగా లోపల నలుగుతున్నది ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఊహించినంత కష్టం కాలేదు.

"పోనీ రెండూ కలిపి సగటు తీద్దామా?"

"వద్దండి. ఉన్నదాన్నీ లేనిదాన్నీ కలిపి సగం చేస్తే, అది ఇంకో లేనిది అయిద్ది."

జోజిబాబు కంచం పక్కన పెట్టి అతని కుడి కంట్లోకి చూశాడు. నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క లాంటి తెలుపు. "శుక్లం," అన్నాడు. "ఆపరేషన్ చేస్తారు. కంటి శిబిరం వచ్చే నెల ఉంది."

"చేశాక ఎన్నాళ్ళు బయట తిరక్కూడదు?"

"నలభై రోజులు."

"అయితే జూన్లో చేయించుకుంటానండి," అన్నాడు పోతురాజు.

కనకమ్మకి ఆ రాత్రే చెప్పాడు. "ఆరు నెలల నుంచి కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేస్తంటే, నా వంటే పోయిందనుకున్నా," అంది. "కన్ను పోయిందని చెప్తే నేనేమన్నా దండోరా వేయిస్తానా?"

మార్చి మొదటివారంలో వీరరాఘవయ్య జీపు వచ్చింది. ఎప్పట్లాగే నాలుగింటికి. పోతురాజు ఇంటి ముందు నిలబడ్డాడు గానీ ఎక్కలేదు.

"ఇప్పుడు రానండి. పొద్దున్నే అయితే వస్తాను. రెండు పూటలు చాలవు. అరవై ఎకరాలకి మూడు రోజులు కావాలి. పొద్దున తూర్పు, సాయంత్రం పడమర. నన్ను అక్కడ దింపేసి మీరు వెళ్ళిపోండి. తోటలోనే పడుకుంటాను."

"ఏంట్రా, కొత్త మర్యాదలు నేర్చావ్?"

"కొత్తవి కాదండి, మా నాన్నవి." ఒక్క క్షణం ఆగి మిగతాది కూడా చెప్పేశాడు. "కుడి కన్ను మబ్బేసిందండి. పోయినేడు తప్పింది అందుకే. ఎడమది బాగుంది."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. వీరరాఘవయ్య జీపులోంచి కాలు కిందపెట్టి, అతని మొహంలోకి వంగి చూశాడు. "ఒంటికన్నుతో తోట చూస్తానంటావ్."

"పోయినేడు రెండు కళ్ళతో చూశానండి."

వీరరాఘవయ్యకి నవ్వు వచ్చిందో, కోపం వచ్చిందో, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. వేరే మనుషుల్ని ఇద్దర్ని అంతకుముందే పిలిపించి చూశాడని, ఒకడు యాభై అని, ఇంకొకడు ముప్పై అయిదు అని చెప్పారని తర్వాత తెలిసింది. "రేపు ఆరింటికి," అని జీపు ఎక్కాడు.

పోతురాజు ఆ తోటలో మూడు పగళ్ళు తిరిగాడు. అదే పట్టా, అదే దోమతెర. వరసకో చెట్టు కాదు, రెండేసి చూశాడు. చూసిన ప్రతి చెట్టుకీ ఒక దిగువ కొమ్మని చేత్తో తడిమి, కన్ను చెప్పినదాంతో పోల్చుకున్నాడు. తోట కాపలావాళ్ళు, ముసలాడికి పిందెల మీద ప్రేమ పుట్టిందని నవ్వుకున్నారు. మూడో సాయంత్రం జీపు వచ్చినప్పుడు ఇరవై ఆరు లారీలని చెప్పాడు. చెప్పి పట్టా మడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెండున్నర నెలలు, మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం ఇంట్లోకీ బయటికీ తిరిగాడు.

జూన్ పదో తారీకుకి తోట ఖాళీ అయింది. వెళ్ళినవి ఇరవై అయిదు లారీలు, ఆపైన ఒక సగం. జూన్ ఇరవై రెండున కుడి కంటికి ఆపరేషన్ అయింది.

మరుసటి ఏడు మార్చిలో జీపు అతని ఇంటి ముందుకి తెల్లవారుజామున అయిదున్నరకి వచ్చింది.